పైడమ్మ దీదీ కాలి నల్లదారం

మొన్న మా ఊరి బజారు మిడిల్ పాయింట్‌లో మందుల షాపు ముందు స్పిరిట్ సీసా పగిలింది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే పైడమ్మ దీదీ గుర్తొచ్చింది. ఇక్కడే పోర్ట్ బ్లెయిర్‌లో నేను కొత్తగా నర్సుగా చేరిన పసిపిల్లల వార్డుకి ఆమె హెడ్ నర్సు. విజయనగరం వైపు మనిషి. తెలుగూ హిందీ కలిపి తిట్టేది. లోపలికి వచ్చేవాళ్ల చేతికి గాజు, ఉంగరం, దారం ఏదీ ఉండకూడదని ఆమె నియమం. పెద్ద డాక్టరుగారి గడియారం కూడా గుమ్మం దగ్గరే ఊడొచ్చేది.

సునామీ తర్వాతి నెలల్లో సహాయ శిబిరం నుంచి నెల నిండని ఒక పాపను తెచ్చారు. పాలు తాగడం మానేసింది, ఒళ్లు చల్లబడింది. అంత చిన్నపిల్లల్లో జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకవచ్చు. సెప్సిస్ అన్నారు డాక్టరుగారు. వెచ్చగా ఉంచే గాజుపెట్టెలో పెట్టి, నరంలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టాం. తల్లి బాలింత, ఇంకా మంచం దిగలేదు. తండ్రిని సముద్రం తీసుకుపోయింది. వెంట ఉన్నది నాయనమ్మ ఒక్కతే.

ఆమె నల్లదారం తెచ్చింది. పాప చేతికి కట్టాలంది. కుదరదన్నాను. మందు వెళ్లే సూది ఆ చేతికే ఉంది.

"అయితే పిల్లని ఇచ్చెయ్యండి. శిబిరానికి తీసుకుపోతాను. నా కొడుక్కీ కట్టలేదు, ఏటయిందో చూశారు గదా!" అని గుమ్మంలో చతికిలబడింది.

మందు ఆగితే పాప దక్కదు. నేను గొంతు పెంచి అదే చెప్పబోతుంటే పైడమ్మ దీదీ వచ్చి ఆమె పక్కన నేల మీదే కూర్చుంది. చాలాసేపు కొడుకు గురించి అడిగింది. చివరికి మేజోడు విప్పి కాలు చాపింది.

"నీ మనవరాలి పక్కనుండేది నేనే గదమ్మా. నా కాలికి కట్టు."

ముసలమ్మ ఎగాదిగా చూసింది. "నీ మొహానికి దిష్టి ఎవరు పెడతారే?"

"అందుకే గదా, దారం అరిగిపోకుండా ఉంటుంది!"

ముసలమ్మ ఏడుస్తూనే నవ్వి, ముడి వేసింది. "బతుకుతుందా?" అని అడిగింది.

"తెలీదమ్మా. మందు మాత్రం ఆపం," అంది దీదీ.

మర్నాడు పెద్ద డాక్టరుగారు ఆ కాలు చూసి, "యే క్యా హై, సిస్టర్?" అన్నారు.

"పేషంట్ సామాను సర్. భద్రంగా దాచాను."

పాప మెల్లగా వెచ్చబడింది, చెంచాతో పాలు మింగింది. ఇంటికి పంపే రోజు దీదీ దారం విప్పబోతే, ముసలమ్మ ఆమె చేతి మీద ఒక్కటిచ్చింది. "ఉంచు. లోపల ఇంకా పిల్లలున్నారు గదా."

తర్వాత అదే పెట్టెలో, అదే జబ్బుతో ఒక బాబు పోయాడు. ఆ రోజు నా డైరీలో వాడు పోయాడన్న ఒక్క వాక్యమే ఉంది. "ఇంకా ఆ దారం ఎందుకు దీదీ?" అని విసురుగా అడిగాను.

ఆమెకు కోపం రాలేదు. "దారం బతికిస్తుందని ఎవరన్నారు? దాని వల్ల ముసలమ్మ పాపని మన దగ్గర వదిలింది. మందు పనిచెయ్యడానికి వ్యవధి దొరికింది. అంతే," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

దీదీ ఇప్పుడు లేదు. ఇంట్లో గానీ వీధిలో గానీ ఎవరైనా భయంతో మొండికేస్తే, నేను నోరు విప్పకముందే వాళ్ల పక్కన కూర్చుంటాను. ఈ మోకాళ్ల నొప్పులతో కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. చాలాసార్లు ఆ మొండికేసినవాళ్లే ఇస్తారు.