మిల్లీగ్రాము ఊపిరి

మా చెల్లెల్ని కార్ఖానాలో అందరూ మిల్లీగ్రాము అని పిలిచేవారు. అసలు పేరుతో పిలిస్తే అదే పలికేది కాదు. స్ఫటికాలు పెంచే ఆ కార్ఖానాలో పొడి తూచే గది దానిది. గాజు తలుపు, కదలని రాతిబల్ల, దాని మీద త్రాసు. ఆ త్రాసు ముందు తుమ్మడం కూడా నేరమే. కొత్తగా వచ్చిన మేనేజరు ఒకసారి "ఇంచుమించు సరిపోతే చాల్లేమ్మా" అన్నాడు. "మీ జీతం కూడా ఇంచుమించుగా ఇస్తే ఊరుకుంటారా సార్?" అంది ఇది. ఆ తర్వాత ఆయన ఆ గది వైపు వెళ్ళలేదు.

అది తూచే పొడి టెల్లూరియం డయాక్సైడ్. చూడటానికి మైదాపిండిలా ఉంటుంది, డబ్బా ఎత్తితే మాత్రం చెయ్యి లాగేస్తుంది. వాసన లేదు. నీళ్ళలో కరగదు. ప్లాటినం గిన్నెలో ఏడు వందల ముప్పై డిగ్రీలు దాటిస్తే కరిగి ఎర్రబడుతుంది. ఆ ద్రవానికి చిన్న విత్తు స్ఫటికాన్ని తాకించి, మెల్లగా తిప్పుతూ, గంటకు మిల్లీమీటరు కూడా మించకుండా పైకి లాగాలి. రోజుల తరబడి లాగితే పిడికిలంత స్ఫటికం వస్తుంది, నీళ్ళంత తేటగా. దాన్ని కోసి, తడి రాతి మీద సానబెట్టి, లోపాలు చూడటం నా పని. నాకు పొడితో సంబంధం లేదు.

ఆ స్ఫటికం అంచుకు కరెంటుతో అదిరే బిళ్ళ ఒకటి అతికించి, చెవికి అందని శబ్దాన్ని లోపలికి పంపితే, అందులోంచి వెళ్ళే లేజరు కిరణం పక్కకు వంగుతుంది. చెల్లెలు భోజనాల వేళ వచ్చి "అక్కా, ఒక్కసారి వంచవే" అని ప్రాణం తీసేది. నేను మీట నొక్కేదాన్ని. గోడ మీది ఎర్ర చుక్క, ఎవరూ ముట్టుకోకుండానే, పక్కకు జరిగేది. "ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు లేదూ?" అనేది. నాకు ఒళ్ళు జలదరించేది. పోయి అన్నం తినవే అని కసిరేదాన్ని.

ఇదే పొడి ఒంటరిగా గాజు కమ్మంటే మొరాయిస్తుంది. ఇంకో ఆక్సైడును తోడిస్తే, కంటికి కనబడని వేడి కిరణాలను కూడా సాగనిచ్చే మంచి గాజవుతుంది. "నేనూ అంతే, తోడుంటేనే దారికొస్తాను" అని చెప్పి, మా కోట్లు కుట్టే దర్జీని చేసుకుంది.

ఆ పెళ్ళి కుదరడమే ఒక వింత. పొడికి వాసన లేదన్నాను కదా, ఒంట్లోకి వెళ్ళాక వస్తుంది. ముసుగులు, తొడుగులు ఎన్ని ఉన్నా రవ్వంత లోపలికి పోనే పోతుంది. గ్రామును ఇరవై లక్షల వంతులు చేస్తే అందులో ఒక్క వంతు చాలు. ఒళ్ళు దాన్ని వాయువుగా మార్చి ఊపిరిలోంచి, చెమటలోంచి బయటికి తోస్తుంది. ఘాటైన వెల్లుల్లి వాసన. కొంచెమైతే ఒక రోజు, ఎక్కువైతే నెలలు. మోస్తున్నవాళ్ళకు మాత్రం తెలియదు, ఎదుటివాళ్ళు ముక్కు చిట్లిస్తేనే తెలిసేది. బస్సులో మా చెల్లెలి పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. కొలతలు తీసుకోవడానికి వచ్చిన దర్జీ ఊపిరి బిగబట్టి టేపు తిప్పాడట, అందుకే మొదటి కోటు పట్టక చంకల్లో చిరిగింది. రెండోసారి మామూలుగా ఊపిరి పీల్చుకుంటూ కొలిచాడు. మూడోసారి కోటు జేబు మీద నీలం దారంతో 'మిల్లీగ్రాము' అని కుట్టి తెచ్చాడు. ఇంకేం కావాలి?

వాళ్ళకు ఒక్కతే కూతురు, బుల్లి. దానికి అయిదో ఏడు నడుస్తుండగా, నాలుగు రోజుల జ్వరంతో మా చెల్లెలు పోయింది. పొడికీ ఆ జ్వరానికీ సంబంధం లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. నమ్మాను. నమ్మకపోతే ఆ గేటు లోపల అడుగు పెట్టలేను.

నెల తర్వాత మా దర్జీ మరిది నా దగ్గరికి వచ్చి, "వదినా, ఆ కోటు ఇప్పించండి" అన్నాడు. తూకం గది బట్టలు గేటు దాటకూడదు. వాటిని కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి ఉతకాలి, ఆ పొడి నీళ్ళకు లొంగదు, ఘాటైన క్షారానికే లొంగుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ సోడాలో వేస్తే జేబు మీది నీలం అక్షరాలు వెలిసిపోతాయి. ఆ అక్షరాల మీద జాలిపడి, కోటు ఇంటికి తెచ్చి మామూలు సబ్బుతో మూడుసార్లు ఉతికి ఇచ్చాను. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నదాన్ని. తెలిసి తెలిసి చేశాను.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. రెండే గదులు. ముందు గదిలో కుట్టుమిషను, గుడ్డపేలికలు. వెనక గదిలో మంచం. గడప దాటగానే నా కాళ్ళు ఆగిపోయాయి. మా చెల్లెలి వాసన. పాత బట్టల్లోంచి వచ్చేది కాదు, ఇప్పుడే ఇటు వెళ్ళిన మనిషిది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

వెనక గదిలో బుల్లి నిద్రపోతోంది. మరిది మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నిద్రపోతున్న పిల్ల నోటి దగ్గర ముఖం పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు. పిల్ల ఊపిరి వదిలినప్పుడల్లా ఆయన పీలుస్తున్నాడు.

"వచ్చింది వదినా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "నెలన్నర అయింది. మొదట్లో ఉందో లేదో అన్నట్టుండేది. రోజురోజుకీ దగ్గరికొస్తోంది. ఇవాళ చూడండి, పక్కనే ఉంది."

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అయినా అప్పుడు భయపడ్డాను, నిజం చెబుతున్నాను. ఆ చిన్న నోట్లోంచి మా చెల్లెలి ఊపిరి వస్తోంది. నేను కూడా వంగి పీల్చాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నాకు సంతోషం వేసింది.

అంతలో పిల్ల లేచింది. మునుపు బొద్దుగా ఉండేది, ఇప్పుడు బుగ్గలు జారిపోయాయి. మంచినీళ్ళు ఇస్తే వద్దని తోసేసింది. "ఇనుములా ఉన్నాయి పెద్దమ్మా." అన్నం కూడా అలాగే ఉంటోందట. బడిలో పగలంతా నిద్రపోతోందని టీచరు కబురు పెట్టిందట. చేతులు పట్టుకుని చూశాను. వేళ్ళ సందుల్లో నల్లటి నీడ. రుద్దితే పోలేదు. తూకం గదిలో తొలి ఏడాది మా చెల్లెలి వేళ్ళ సందుల్లో సరిగ్గా ఇలాంటి నీడే ఉండేది.

"కోటేదయ్యా?" అన్నాను.

మరిది మంచం వైపు చూశాడు. బుల్లి తన తలగడను గట్టిగా వాటేసుకుంది. తెల్లటి చిన్న తలగడ, మధ్యలో నీలం దారంతో మిల్లీగ్రాము. కోటును కత్తిరించి కూతురికి తలగడ గలీబు కుట్టాడు. పిల్ల రోజూ ఆ జేబులో ముక్కు పెట్టుకుని పడుకుంటోంది.

"అది ఇలా ఇవ్వు."

"వద్దు వదినా. అది తీసేస్తే మళ్ళీ వెళ్ళిపోతుంది."

"వెళ్ళిపోయిందయ్యా! ఎప్పుడో వెళ్ళిపోయింది! పోయినదాన్ని పసిదాని ఊపిరితిత్తుల్లో పెట్టి బతికిస్తావా? ఇది మా చెల్లెలు కాదు, పొడి. జేబు కుట్లలో దాక్కున్న పొడి. నేనే ఇచ్చాను, నాదే తప్పు. నన్ను తిట్టు, కొట్టు, పిల్లని మాత్రం వదులు!"

ఆయన కదల్లేదు. పిల్ల ఏడుపు లంకించుకుంది. కోపం వస్తే నాకు ఒళ్ళు తెలియదు. తలగడ లాక్కుని, మిషను మీది కత్తెరతో కూడా కాదు, చేతులతోనే జేబు చించేశాను. ముసుగు లేదు, తొడుగుల్లేవు. కుట్టులోంచి తెల్లటి రజను నా చేతుల మీద పడింది, ఎండ పడేచోట గాల్లోకి లేచి మెల్లగా తిరిగింది. తర్వాతే బుద్ధి వచ్చి, ముక్కలన్నీ సంచిలో కట్టేసి, పరుపు బయటికి వేయించి, గది మొత్తం తడిగుడ్డతో తుడిచాను.

కార్ఖానా డాక్టరు పిల్లను చూశాడు. మందేమీ లేదన్నాడు. పొడికి దూరంగా ఉంచితే ఒళ్ళే మెల్లగా వదిలించుకుంటుందన్నాడు. అలాగే జరిగింది. మూడో వారానికి బుల్లి నీళ్ళు తాగింది. ఆరో వారానికి పెరుగన్నం రెండోసారి అడిగింది. మరిది మాత్రం రోజూ పొద్దున్నే ఆ మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంటూనే ఉన్నాడు. ఒక పొద్దున లేచి వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించబోయి ఎక్కించలేకపోయాడు. వాసన పోయిందా అని నేను అడగలేదు.

నేను వాళ్ళింటికి వెళ్ళడం తగ్గించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తొడుగులు, ముసుగులు గుర్తుచేసుకుని ఏం లాభం? సానబెట్టే గదిలో నా పక్కవాళ్ళు స్టూళ్ళు దూరంగా జరుపుకున్నారు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటోంది. నాకేమీ తెలియడం లేదు గానీ, ఎందుకో తెలుసు.

నిన్న మధ్యాహ్నం బట్టలు కుట్టించుకునే వంక పెట్టుకుని వెళ్ళాను, గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వచ్చేద్దామని. బుల్లి పరుగెత్తుకొచ్చి చంకనెక్కింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. అది నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ముక్కు నా నోటికి ఆనించి ఆగిపోయింది.

"నేను అమ్మను కాదే," అన్నాను. "పెద్దమ్మనే."

"తెలుసు," అంది. "నువ్వు మాట్లాడకు. ఊరికే ఊపిరి వదులు."

గదిలో మిషను చప్పుడు ఆగింది. నేను నోరు మూయలేదు, దాన్ని దించనూ లేదు. ఊపిరి వదిలాను.