మూడు కుండల కింద సముద్రం

బాపట్లలో మా ఇంటి హాల్లో నాలుగడుగుల గాజుతొట్టి ఉండేది. సూర్యలంక నుంచి క్యాన్లలో ఉప్పునీళ్లు తెచ్చి నింపాను. ఆదివారం బడిలో సృష్టి పాఠం చెప్పేటప్పుడు ఐదో దినం దగ్గర నా మాటలు చాలేవి కావు. ఆ దినాన నీళ్లలో పుట్టినవాటిని పిల్లలు కళ్లారా చూడాలని నా ఆశ.

మొదట గులకరాళ్ల కింద పరిచే ప్లాస్టిక్ పలక, గాలి పంపు బెజవాడ నుంచి తెప్పించాను. పంపు ఆడినంతసేపూ నీళ్లు రాళ్ల గుండా దిగి శుభ్రపడేవి. ఎండాకాలం ఒకరోజు పొద్దుట పోయిన కరెంటు సాయంత్రం దాకా రాలేదు. తొట్టిలో వేసిన చేపలన్నీ చచ్చి తేలిపోయాయి.

మా అత్తయ్య వాటిని చేటలోకి ఎత్తి పెరట్లో పూడ్చింది. సంఘంలో స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. నెమ్మదిగానే చెప్పింది.

"దేవుడు సముద్రంలో పెట్టినవాటిని తెచ్చి హాల్లో చంపుతున్నావమ్మాయ్. ఏలుకోమన్నాడుగాని ఊపిరాడకుండా చెయ్యమన్నాడా? ఇంకొక్కసారి చూస్తాను. అవీ చస్తే తొట్టి ఈ ఇంట్లో ఉండదు."

ఆ మాట బైబిలు వాక్యానుసారమే.

కరెంటు లేకపోయినా ఆగని వడపోత కావాలి. కాలవ నీళ్లు తాగే ఇళ్లన్నిటిలాగే మా వంటింట్లోనూ స్టాండు మీద ఒకదానిపై ఒకటి మూడు కుండలుండేవి. పై కుండలో పోసిన నీళ్లు ఇసుక, బొగ్గుల గుండా బొట్లుబొట్లుగా దిగేవి. అలాంటి స్టాండే ఒకటి తొట్టి మీదికి వచ్చేలా చేయించి, తాగేనీళ్లకు నింపినట్టే కడిగిన ఇసుక నింపాను. నీళ్లు అద్దంలా దిగాయి. కానీ వాటిలో వదిలిన రెండు పీతలు నాలుగు రోజులకే నీరసించాయి. చావకముందే తీసుకెళ్లి సముద్రంలో వదిలేశాను.

మోకాళ్ల మీద ఉండి దేవుణ్ణి చాలా అడిగాను. తర్వాత లైబ్రరీలో చదివితే నా పొరపాటు తెలిసింది. నీరు తేటగా ఉంటే చాలదు. చేపల మలినాన్ని ఆపడం కాదు, దాన్ని తినే కంటికి కనపడని జీవులు వడపోతలో బతకాలి. వాటికి గాలి కావాలి. మెత్తటి ఇసుకలో గాలి ఆడదు.

కుండలు ఖాళీ చేసి నిజాంపట్నం ఒడ్డున ఏరిన గవ్వల పెంకులు నింపాను. పాత కూలర్లోని చిన్న పంపుతో నీళ్లు పై కుండకు ఎక్కించాను. కరెంటు పోతే చెంబుతో పోసేదాన్ని. పెంకులకు ఆ కనపడని జీవుల జిగురు పట్టేదాకా తొట్టిలో ఏ ప్రాణినీ వెయ్యలేదు. ఆ తర్వాతే వలలో చిక్కిన రాయికి అంటుకున్న సముద్రపు పువ్వును జాలరుల దగ్గర తీసుకున్నాను. పేరుకే పువ్వు, అదొక జంతువు. మూడో రోజుకి రేకులు విప్పి రొయ్యముక్క అందుకుంది.

నేను ఇంట్లో లేనప్పుడు కరెంటు పోతే నీళ్లు ఎవరు పోస్తున్నారో కొన్నాళ్లకు తెలిసింది. అత్తయ్యను అడిగితే, "నీ కోసం కాదులే. దాని కోసం" అంది.

ఆ ఎండాకాలం గడిచింది. వానలు వెళ్లాక ఒక ఉదయం పువ్వు నడిమికి చీలి రెండయింది. నేను స్తోత్రం చెబుతుంటే అత్తయ్య అప్పుడే తీర్పు చెప్పేసింది.

"వచ్చే ఆదివారం కోత పండగ. తొలి గుమ్మడికాయ ప్రథమ ఫలంగా మందిరానికి ఇస్తాంగాని, ఈ రెండిట్లో ఒకటి ఇవ్వమా?"

మందిరంలో కానుకగా వచ్చిన కోళ్లు, ధాన్యం వేలంపాట అయ్యాక పాస్టరు అయ్యగారు మా పువ్వున్న సీసా పైకెత్తి, "ఇది కూరకు పనికిరాదండి, ముందే చెబుతున్నా" అన్నారు. అందరూ నవ్వారు. ఒక రైసుమిల్లు ఆసామి పాట మొదలుపెట్టాడు. వెనక నుంచి ఒక గొంతు ధర పెంచింది. ఆయన పెంచాడు, ఆ గొంతు మళ్లీ పెంచింది. తిరిగి చూస్తే అత్తయ్య! ఏ ఏడూ కోడిపెట్టకైనా నోరు విప్పని మనిషి. ఆసామి నవ్వి చేతులెత్తేశాడు.

రిక్షాలో సీసా ఆవిడ ఒళ్లోనే ఉంది. మందిరం వీధి దాటాక అంది:

"ఇంకో తొట్టి చేయించమ్మాయ్. పెద్దదే చేయించు."