రేవు భాష

డెబ్బైల్లో విజయవాడ వన్ టౌన్‌లో మా పక్కవాటా వాళ్లు బర్మా నుంచి వచ్చేసినవాళ్లు. మామయ్య తెలుగాయన, రంగూన్ రేవులో మూటలు మోసినవాడు. అత్త బర్మా మనిషి. పెళ్లినాటికి ఒకరి భాష ఒకరికి రాదు. రేవులో రకరకాల కూలీలు కలిసి వాడుకునే కలగాపులగం హిందుస్తానీతోనే కాపురం చేశారు. ఇక్కడి గోడౌన్ల దగ్గర బస్తా దించుతూ ఆయన "ఆస్తే, ఆస్తే" అనేవాడు, మెల్లగా అని. అత్త అన్నం గిన్నె దించుతూ అదే మాట అని నవ్వేది.

ఆయన పోయిన రోజు ఆడవాళ్లంతా శోకాలు పెడుతుంటే అత్త గోడకానుకుని ఊరికే కూర్చుంది. రాతిగుండె అన్నారు ఎవరో. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"నోరు విప్పి ఏడువు వదినా, బరువు దిగుద్ది," అంది మా అమ్మ.

"మాది మోత భాష వదినా," అంది అత్త వచ్చీరాని తెలుగులో. "ఎత్తు, దించు, తిన్నావా, పద. ఏడిచే మాట లేదు."

పాడె లేపారు. భుజాలకెత్తుకునేటప్పుడు ఒక పక్కకి ఒరిగింది. అత్త గబుక్కున లేచి, రెండు చేతులూ చాపుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

"ఆస్తే," అంది వాళ్లతో. "ఆస్తే, ఆస్తే."