ఎక్కువ మాట్లాడని ఎడిటర్

సువర్ణకు పుట్టుకతోనే చూపు లేదు. నల్లమాడలో రైతుల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో, చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్ల వానలెక్కను రోజూ కంప్యూటర్‌లో ఎక్కించడం ఆమె ఉద్యోగం. తెర మీద ఉన్నదాన్ని స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. కానీ ఎవరో రాసిచ్చిన ఆ వానలెక్కల ప్రోగ్రాంలో బటన్లకు పేర్లు లేవు, బొమ్మలే. స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అని ఊరుకునేది. ఒకసారి సేవ్ అనుకుని నొక్కితే పొద్దుటి నుంచి చేసిన పనంతా తుడిచిపెట్టుకుపోయింది.

బటన్ల పేర్లు పలికేలా స్క్రీన్ రీడర్‌కు తానే ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాయాలనుకుంది. అలాంటివి రాసే పైథాన్ భాష కొంత వచ్చు. కోడ్ టైపు చేసుకునే ఎడిటర్లు బోలెడు, ఏ ఎడిటర్‌లో రాయాలన్నదే తేలలేదు. అంధుల బడిలో ఆమెకన్నా రెండేళ్లు ముందు చదివిన దేవేంద్ర మడకశిరలో ఉంటాడు. ప్రోగ్రాములు రాయడమే అతని పని. అతనికి ఫోన్ చేసింది.

"పెద్దది వేసుకోమ్మా. అన్నీ దాంట్లోనే ఉండాయి," అన్నాడు.

వేసుకుంది. ఒక్క అక్షరం కొడితే అది పది సలహాలు ముందు పెట్టేది. స్క్రీన్ రీడర్ అవన్నీ చదివేది. తానేం రాయబోయిందో సువర్ణకే గుర్తుండేది కాదు. మళ్లీ దేవేంద్రకు ఫోన్ చేసింది.

"పెండ్లింట్లో కూర్చోని లెక్కలు చేసినట్లుండాదన్నా."

"కొన్నాళ్లకు అలవాటయితాదిలే."

"నాకొద్దు."

మామూలు నోట్‌ప్యాడ్ తెరిచింది. నిమ్మళంగా ఉంది. నలభై పంక్తులు రాసింది. స్క్రిప్టు కదల్లేదు. పైథాన్‌లో పంక్తి మొదట వదిలే ఖాళీ తప్పితే అంతా తప్పినట్టే. చూపున్నవాళ్లకు ఇట్టే తెలిసే ఆ ఖాళీలను ఆమె ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవాలి. మూడో రోజుకు విసుగొచ్చింది.

ఆ విసుగులో స్క్రీన్ రీడర్ సెట్టింగులన్నీ వరసగా వింటూ పోతే ఒకటి తగిలింది. పంక్తి ఎంత లోపలికి జరిగితే అంత పై స్థాయిలో చిన్న కూత వినిపిస్తుందట. పెట్టి చూసింది. పదిహేడో పంక్తిలో కూత దిగాల్సిన చోట దిగలేదు. తప్పు అక్కడే ఉంది! తర్వాత, సలహాలివ్వకుండా, పై పంక్తి ఖాళీని మాత్రం కిందికి తెచ్చే చిన్న ఎడిటర్ ఒకటి వెతికి, ఇక అందులోనే రాసుకుంది.

ఇక బటన్లకు పెట్టాల్సిన పేర్లు మిగిలాయి. అటెండర్ ఈరన్నను పిలిచింది.

"ఈరన్నా, ఈ బటన్ మీద ఏం బొమ్మ ఉండాది?"

"చీపురుకట్ట మాదిరుండాదమ్మా."

"దీని మీద?"

"పెట్టె. మూత ఉండాది."

ఉత్త అంకెలు వేసి రెండూ నొక్కి చూసుకుంది. ఒకటి తుడిచేది, ఇంకొకటి దాచేది. అవే పేర్లు పెట్టింది. మిగతా బటన్లకూ అలాగే.

మర్నాడు పద్దెనిమిది ఊళ్ల లెక్క ఎవరినీ పిలవకుండా ఎక్కించింది. వాన పడింది రెండే ఊళ్లలో. మిగతావన్నీ సున్నాలే. అయినా ఒక్కో సున్నానూ పెట్టెలో దాచినంత భద్రంగా దాచుకుంది.

మధ్యాహ్నం దేవేంద్ర ఫోన్ చేశాడు.

"చివరికి యాడ రాసినావు?"

ఎడిటర్ పేరు చెప్పింది.

"దాంట్లో ఏమీ లేదు కదమ్మా!"

"అందుకేనన్నా."

అతను నవ్వి స్క్రిప్టు పంపమన్నాడు. సాయంత్రానికి రెండు తప్పులు పట్టి పంపాడు. ఒకటి నిజంగా తప్పే, దిద్దుకుంది. రెండోది తప్పు కాదు, ఆమె రాసుకునే పద్ధతి. దాన్ని అలాగే ఉంచుకుంది.