సాయంత్రానికి వాలే రెప్ప

రంజాన్ నెలలో ఒక సాయంత్రం సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపించాయి. అప్పుడు నాకు ఆరో నెల. నరసరావుపేటలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కళ్లు అలిసిపోయాయిలే అనుకుని అద్దంలో చూస్తే ఎడమ రెప్ప సగం వాలిపోయి ఉంది.

తెల్లారేసరికి మామూలైపోయింది. ఇక రోజూ అంతే. ఇఫ్తార్ వంట వేళకు రెప్ప వాలేది, చేతులు పైకి లేచేవి కావు.

"పొయ్యి కాడికి రాగానే నిద్ర ముంచుకొస్తదేందే నీకు?" అని మా అత్తమ్మ ఎగతాళి చేసేది.

ఆస్పత్రికి పొద్దున ఓపీకి వెళ్లేవాళ్లం. ఆ వేళకు రెప్ప చక్కగా ఉండేది. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాసి పంపేవారు. నిజంగానే వంట తప్పించుకోవడానికి నటిస్తున్నానేమోనని నామీద నాకే అనుమానం వచ్చింది!

ఒకరోజు షర్బత్ మింగబోతే ముక్కులోంచి వచ్చింది. మా ఆయన భయపడి ఆ సాయంత్రమే గుంటూరు తీసుకెళ్లాడు. అక్కడి న్యూరాలజిస్ట్ నన్ను కాసేపు పైకే చూస్తూ ఉండమన్నారు. ఆయన కళ్లముందే రెప్ప వాలింది. "మయస్తీనియా గ్రావిస్. ఆటోఇమ్యూన్ జబ్బు, అంటే ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే కండరాలను పనిచేయనివ్వవు. వాడేకొద్దీ కండరాలు అలిసి సాయంత్రానికి ఎక్కువవుతుంది. పొద్దున చూస్తే పట్టుకోవడం కష్టమమ్మా" అన్నారు.

మాత్రలతో కొన్నాళ్లు బాగానే ఉంది. ఎనిమిదో నెలలో ఊపిరి అందలేదు. ఐసీయూలో చేర్చి ప్లాస్మా ఎక్స్ఛేంజ్ మొదలుపెట్టారు. మెడ నరంలో గొట్టం వేసి రక్తం బయటికి తీసి, యాంటీబాడీలున్న ప్లాస్మాను వేరుచేసి, బదులుగా ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ద్రవం ఎక్కించేవారు. సంచిలో పచ్చగా నిండుతున్న ఆ నీళ్లు చూస్తూ, ఈ విషంతోనా బిడ్డను పెంచుతున్నాను అనుకునేదాన్ని. రెండోసారి ప్లాస్మా మారుస్తుండగా నా బీపీ పడిపోయింది. బిడ్డ కదలిక తెలియలేదు. మానిటర్‌లో గుండె చప్పుడు వినిపించేదాకా నేను బతికిలేను.

"నా నోరు పడిపోను, ఎన్నేసి మాటలన్నానే నిన్ను" అని అత్తమ్మ ఏడ్చింది. నాకు ఆమె మీద కోపం లేదు. ఉన్నదంతా నామీదే.

ఆ చికిత్సతోనే మళ్లీ గంజి మింగగలిగాను, నెలలు నిండాక కన్నాను. కానీ పాప ఏడుపు బయటికే రాలేదు, పాలు చప్పరించలేకపోయింది. "మీ యాంటీబాడీలు కొన్ని పాపకు చేరాయి. కొన్ని వారాల్లో పోతాయి. మీ తప్పేం లేదమ్మా" అంది పిల్లల డాక్టరమ్మ. ఆమె చెప్పినట్టే పోయాయి. తప్పు మాత్రం నాలోంచి పోలేదు. రక్తం నాదే కదా!

ఇప్పుడు మాత్రలు వేసుకుంటూ పొద్దున పూటే కుడుతున్నాను. సాయంత్రం వంట అత్తమ్మదే. మీకు చెప్పేది ఒక్కటే. బాధ ఏ వేళకు వస్తే ఆ వేళకే డాక్టరుకు కనపడండి. కుదరకపోతే అప్పటి మొహాన్ని ఫోన్‌లో వీడియో తీసి చూపించండి.

ఇప్పుడు పాప ఏడిస్తే వీధి చివరికి వినపడుతుంది. "బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తాంటే ఎత్తుకోవేందే!" అని అత్తమ్మ కేకలేస్తుంది. తప్పని తెలుసు. అయినా ఆ గొంతు ఒక్క క్షణం విని, అప్పుడు ఎత్తుకుంటాను.