అడగనివాళ్లకు పెట్టే రొట్టె

మా కోడలి కంప్యూటర్ సంచిలో నాకు మూడు సగం రొట్టెలు దొరికాయి. ఊడుస్తూ సంచిని పక్కకు జరిపితే లోపల ఏదో పెంకుల్లా గలగలమంది. పక్క జేబు జిప్పు తీసి చూస్తే కాగితంలో చుట్టిన జొన్నరొట్టెలు, ఎండి గట్టిపడి ఉన్నాయి. అన్నీ నేను తట్టినవే.

పెళ్లయి అప్పటికి మూడు నెలలు. హొళగుంద పిల్ల. పుట్టింట్లో కన్నడం, బడిలో తెలుగు, ఎక్కడైనా మాట తక్కువే. ఆదోనిలో మా మిద్దె మీది గదిలో కూర్చుని బెంగళూరు ఆఫీసు పని చేసుకుంటుంది. మా కొడుకు ఎమ్మిగనూరు బడిలో పంతులు, పొద్దున్నే బస్సెక్కి పోతాడు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే.

నా చేతి రొట్టె నచ్చలేదని నోటితో చెప్పొచ్చు కదా అని నాకు మనసులో కష్టమైంది. ఆ పొట్లం పట్టుకుని మెట్లెక్కాను.

"ఏం పాపా, కంప్యూటర్‌కు గూడా రొట్టె పెడతాండావా?"

ఆమె లేచి నిలబడింది. "ఆవుకు ఏద్దామని ఎత్తిపెట్టినా అత్తా. మూడు దినాలుగా పనిలో పడి బయటికి పోయేకి కాలేదు."

"నచ్చకపోతే సెప్పేకేమి?"

"నచ్చక కాదత్తా. శానా పెద్దదైతాది. సగానికే కడుపు నిండుతాది. ఎంగిలి సేసిన సగం మీకెట్ల ఇయ్యాల?"

అప్పుడు చూశాను, ఆమె కళ్లు అంతకుముందే ఎర్రగా ఉన్నాయి. నేను అన్న మాటకు కాదు. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే పని సంగతి చెప్పింది. నేను మూడో తరగతితో బడి మానేసిన దాన్ని కాబట్టి నాకు తెలిసిన రొట్టెలతోనే చెప్పింది.

"మిషన్‌లో కెర్నల్ అని ఒకటుంటాది, ఇంటి పెద్ద మాదిరి. లోపల నడిచే ప్రోగ్రాములన్నీ మెమరీ కావాలని దాన్నే అడుగుతాయి. అది పిండి కొలిచి ఇయ్యదు, రొట్టె లెక్కన ఇస్తాది. ఆ రొట్టెనే మేము పేజీ అంటాము."

"ఒక్క తునక చాలనేదానికి గూడానా?"

"దానికీ నిండు రొట్టే. మిగిలింది ఇంకొకదానికి ఇయ్యకూడదు. ఎంగిలే."

"అయితే చిన్నవి సేసుకోండి."

"చిన్నవైతే శానా అయితాయి అత్తా. ఏది ఎవరికిచ్చిందీ కెర్నల్ పట్టీ రాసుకోవాల. ఆ పట్టీలో ఎతుక్కునేకే పొద్దు పోతాది. పెద్దవైతే పట్టీ పొట్టిది, పని బిరబిరా అయితాది. మా ఆఫీసులో సేసే కెర్నల్ తీసుకునేటోళ్లు ఏ సైజు కావాలో సెప్తే అదే పెట్టిస్తాం. ఏమీ సెప్పనోళ్లకు ఏది పెట్టాల అనేదే ఇప్పుడు నా పని. నాలుగు కేబీదా, దానికి పదహారింతలు ఉండేదా అని."

పోయిన వారం మీటింగులో ఆమే పెద్దది పెడదామని అందరినీ ఒప్పించిందట. పెద్ద మిషన్లలో బాగానే పరుగెత్తింది. ఆ పొద్దున కండక్టర్ల చేతిలో ఉండే టికెట్ మిషన్ అంతటి చిన్నదాంట్లో వేసి చూస్తే, సగం సగం మిగుళ్లతోనే చోటంతా నిండి, మిషన్ నిలబడిపోయింది. మధ్యాహ్నం మూడుకు మళ్లీ మీటింగు.

"నేను సెప్పింది తప్పని అంతమంది ముందర నేనే ఎట్ల సెప్పాల అత్తా? ఊరికే ఉంటే పెద్దదే ఖాయమైపోతాది."

నేను గడప మీద కూర్చున్నాను. చిన్నప్పటి నుంచి ఎవరు ఏ చీర కట్టారో, ఏ పెళ్లిలో ఏం వండారో చెప్పగలదాన్ని. నా సొంత సంగతి ఒక్కటి మాత్రం ఎట్లా మరిచానో తెలియదు. నేను పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల ఇంట్లో. కూర్చుని నేసేవాళ్లకు మా అమ్మ అరచేతికి కొంచెం మించిన రొట్టెలు తట్టేది. ఆదోనికి కోడలిగా వచ్చాక మా అత్త నాకు పళ్లెమంత రొట్టె నేర్పింది. మా ఆయన మిల్లులో పత్తి బేళ్లు మోసేవాడు, ఆయన ఆకలి అంత. కొత్తలో నేనూ సగం రొట్టె కొంగులో దాచి దొడ్లో కట్టేసిన ఎనుముకు పెట్టేదాన్ని. ఆయన పోయి నాలుగేళ్లు. నా చేయి ఇంకా ఆయన ఆకలికే తడుతోంది.

అదంతా చెప్పి, "నాది గూడా తప్పే పాపా" అన్నాను.

"మరి మార్చకపోతిరే?"

"ఎవురూ అడగలేదు. మీ ఆయన ఎంత పెట్టినా తింటాడు. నువ్వు జిప్పేసుకుంటివి."

ఆమె నవ్వింది. నేను కిందికి దిగి పిండి కలిపాను. చిన్నవి తట్టేసరికి పెనం దగ్గర పని రెట్టింపయింది, ఒకటి తీసేలోపు ఇంకొకటి మాడింది. కోడలు మాత్రం కంచం ఖాళీ చేసి పైకి పోయింది.

మూడింటికి నేను మెట్ల మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. పైన అంతా ఇంగ్లీషు. మొదట చాలాసేపు వేరేవాళ్ల గొంతులే వినిపించాయి. నా చేతిలో గింజ చేతిలోనే ఉంది. తర్వాత మా పిల్ల గొంతు సన్నగా లేచింది. సారీ అన్న మాట నాకు తెలుసు, అది ఒక్కసారే వినబడింది. ఆ పైన చాలాసేపు ఆమే మాట్లాడింది.

దిగి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"తిట్టినారా?"

"ఒకాయన నవ్వినాడు. పోయిన వారం నువ్వే గదా పెద్దది కావాలంటివి అన్నాడు. ఔ, నేనే అన్నాను, ఇప్పుడు వద్దంటాండానని సెప్పినా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "చిన్నదే ఖాయం సేసినారు. పెద్ద మిషన్లోళ్లు అడిగి పెద్దది పెట్టించుకుంటారు."

కాసేపు నాతో కలిసి గింజలు తీసింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"అత్తా, ఇంగొక రొట్టె ఉండాదా?"

మా ఇంటికి వచ్చిన మూడు నెలల్లో ఆమె నోరు తెరిచి అడగడం అదే మొదలు. రొట్టెలు అయిపోయాయి. లేచి స్టవ్ వెలిగించి పెనం పెట్టాను. పిండి చేతిలోకి తీసుకుని, "యాపాటిది సేయాల?" అన్నాను.

ఆమె రెండు చేతులు ఎడంగా పెట్టి చూపించింది. అంతే తట్టాను.