చెప్పని మాటకు జవాబు

మొన్న మా చిన్నమ్మాయి ఏదో ఉద్యోగ పరీక్ష కోసం వరండాలో కూర్చుని ‘పర్‌హాప్స్ హి మీన్స్’, ‘షి సీమ్స్ టు బి హింటింగ్’ అంటూ, ఎదుటివాళ్లు సూటిగా అనని మాటను ఊహించి చెప్పే ఇంగ్లీషు వాక్యాలు వల్లె వేస్తుంటే, చేతిలోని చాట పక్కన పెట్టి వింటూ ఉండిపోయాను. మీలో చాలామందికిలాగే నాకూ అవి డిగ్రీ క్లాసులో మార్కుల కోసం నేర్పినవే. వాటితో నిజంగా ఏం చేయవచ్చో నేర్పింది మాత్రం ఇంగ్లీషులో సంతకం కూడా రాని మా మేనత్త.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, చదువు ముగించి ఖాళీగా ఉన్న నన్ను అత్త రాయదుర్గం పిలిపించుకుంది. మామ పోయాక ఆమె ఒక్కతే జీన్స్ ప్యాంట్లు కుట్టించే చిన్న యూనిట్ నడిపేది. శనక్కాయ పంట వరుసగా ఎండిపోయి సేద్యం వదిలిన ఆడవాళ్లే ఇరవైమంది దాకా ఆ మిషన్ల మీద పనిచేసేవాళ్లు. పనంతా బెంగళూరు వ్యాపారి ఒకాయన ఇచ్చేదే. ఆయన పంపే ఇంగ్లీషు ఫ్యాక్సులు చదివి చెప్పడం, జవాబు రాయడం నా ఉద్యోగం.

ఒకరోజు వచ్చిన ఫ్యాక్సులో, మీకు వేరే పనులు చాలా ఉన్నట్టున్నాయి, తొందర లేదు, తీరిక చూసుకుని పంపండి అని ఉంది. నేను సంబరంగా చదివి వినిపించాను. అత్త మాత్రం మిషన్ ఆపి, మళ్లీ చదవమంది. మూడోసారీ చదివించుకుంది.

“ఎప్పుడూ బిన్నా పంపు, బిన్నా పంపు అని పీకల మీద కూచునే ఆయప్ప ఈ పొద్దు తొందర లేదంటాండాడే. ఏమో మనసులో పెట్టుకోనుండాడు పాపా” అంది.

కోపం వచ్చిందా అని అడుగుతూ రాయనా అన్నాను.

“అట్లడిగితే లేదంటాడు. నువ్వనుకుంటాండేది పోయినసారి సరుకు గురించేమో అని మాకు తోస్తాండాది, తప్పయితే దిద్దమని రాయి.”

క్లాసులో నేర్చిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. పోయినసారి పంపిన సరుకు మీకు నచ్చలేదని బహుశా మీ ఉద్దేశమేమో, మేం పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే మన్నించి సరిదిద్దండి అని ‘పర్‌హాప్స్ యూ మీన్’తో మొదలుపెట్టి రాసి పంపాను.

మూడో రోజుకు ఆ వ్యాపారే బస్సు దిగి వచ్చాడు. సంచిలోంచి నాలుగు ప్యాంట్లు తీసి పరిచాడు; జేబుల దగ్గర కుట్లు విడిపోయి ఉన్నాయి. ఒంటరిగా నెగ్గుకొస్తున్న మనిషిని మొహం మీద అనలేక, పని వేరే వాళ్లకు ఇచ్చేద్దామనుకున్నానని, ఈ ఉత్తరం చూసి ఆగానని తలవంచుకుని చెప్పాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి. కుట్టినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“దారం మార్చింది నేనే. వాళ్ల తప్పేం లేదు” అంది అత్త అందరి ముందూ. ఆ సరుకంతా వెనక్కి తెప్పించి, పాత దారంతో మళ్లీ కుట్టించింది. ఆ ఇరవైమందికీ పని నిలిచింది. తప్పు తనదని ఒప్పుకున్నప్పుడు ఆమె గొంతు కొంచెమైనా తగ్గకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆ తరువాత ‘పర్‌హాప్స్’ అనే మాట అత్త నోట ఊతపదమైపోయింది. ఎవరైనా అన్నం వద్దంటే చాలు, “పర్‌హాప్స్ యాడన్నా మనసు నొచ్చిందేమో” అంటూ పక్కన కూర్చునేది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. యూనిట్ ఇప్పుడు రెండంతస్తులు. అత్త కొడుకు, మా బావ చూసుకుంటున్నాడు, ఆర్డర్లన్నీ ఫోన్లోనే. ఈమధ్య ఎన్నో ఏళ్లుగా పని ఇస్తున్న ఒకాయన మాటా పలుకూ లేకుండా ఆపేశాడట. ఎందుకో కనుక్కున్నావా అని బావను అడిగాను. “పోతే పోనీలే, ఇంకొకరొస్తారు” అన్నాడు, నవ్వుతూనే. అతని తప్పూ లేదు, రోజులే అలా ఉన్నాయి. కానీ మిషన్ ఆపి, మళ్లీ ఒకసారి చదువు పాపా అనే మనిషి ఆ ఇంట్లో లేని లోటు నాకు ఆ క్షణంలో తెలిసింది.